అవ్వ బొట్టు పెట్టిన కంప్యూటరు

ఇప్పుడు జేబులో వేసుకుని బజారుకు పోయి, ఇంటికొచ్చాక కూరగాయల సంచితో పాటు ఎక్కడో ఒకచోట పడేసే వస్తువు ముందు, ఒకప్పుడు మేము చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి నిలబడేవాళ్లమంటే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. (నేను చెప్పే వాటిలో సగం కల్పితమని వాళ్ల గట్టి అభిప్రాయం. మిగతా సగం విననే వినరు.) కానీ ఎనభైల చివర్లో హనుమకొండలో కంప్యూటరంటే అంతే మర్యాద. పెళ్లిచూపులకు వచ్చినట్టు జనం వచ్చి దాన్ని చూసిపోయేవాళ్లు. ఇంట్లో మనుషులకు తాటాకు విసనకర్ర, కంప్యూటరుకు మాత్రం ఏసీ గది. అది ఏం చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు, తెలియదని ఒప్పుకునే ధైర్యమూ ఎవరికీ లేదు. నేను పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నాకు అసలే లేదు.

మేం పనిచేసే ఇన్‌స్టిట్యూటు ఒక మేడమీది గది. కింద సారోళ్ల ఇల్లు, పైన కంప్యూటరు. సారు అంతకుముందు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. రాబోయే కాలమంతా దీనిదేనని ఎక్కడో చదివి, ఉద్యోగం మానేసి, ఒకే ఒక్క కంప్యూటరును కొని తెచ్చి పైన కూర్చోబెట్టారు. పిల్లలు ప్రోగ్రాములు కాగితం మీద రాసుకుని వరండాలో వరుసగా కూర్చునేవాళ్లు, వంతు వచ్చినప్పుడే లోపలికి. గది నిండా చల్లగాలి పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుంది కనుక మేం దానికి ‘దొర’ అని పేరు పెట్టాం. ఎండాకాలం మధ్యాహ్నాలు సారు మేనత్త కూడా పైకొచ్చి, దొరకు కాపలా అనే నెపంతో, చాప పరుచుకుని హాయిగా నిద్రపోయేది. మేమంతా ఆమెను అత్త అనే పిలిచేవాళ్లం. ఆమె నోరంటే మాత్రం దొరకు తప్ప అందరికీ భయమే.

నేను ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. మాది చర్చికి పోయే కుటుంబం, మా నాన్న చెరువు గట్టు దగ్గర నీళ్ల పంపుల పని చూసేవాడు. హైదరాబాదులో కొన్నాళ్లు కంప్యూటరు కోర్సు చేసి వచ్చి, ఇక్కడ బేసిక్ అనే కంప్యూటరు భాష చెప్పేదాన్ని గనుక నాకు ‘బేసిక్ మేడం’ అని పేరు. కోబాల్ అనే ఇంకో భాష చెప్పే ఆయన ‘కోబాల్ అన్న’. ఆయనకు తెలియని విషయం లోకంలో లేదు, తెలిసిన విషయం ఒకటైనా ఉందో లేదో మాకు నికరంగా తెలియదు. మంచివాడు పాపం, ఎవరేం అడిగినా లేదనకుండా జవాబు చెప్పేవాడు.

ఇక సారోళ్ల అమ్మ. అందరికీ అవ్వే. ఆమె భర్త, పెద్దసారు, పోయి కొన్నేళ్లయింది. అప్పటినుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ ముందుకు వచ్చేది కాదు. పెళ్లివాళ్లు పిలవడానికి వస్తే వంటింట్లోకి జరిగేది. పండుగ పూట పొద్దున్నే ఎవరికీ ఎదురుపడకూడదని పెరట్లోనే ఏదో ఒక పని కల్పించుకునేది. ఆమెను అలా ఉండమని ఇంట్లో ఎవరూ నోరు విప్పి అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా ఆమే చూసుకునేది, అదే నాకు కష్టంగా ఉండేది. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా మూత తెరిచి చూసి, “గింత అన్నం పిట్టకు సరిపోతది బిడ్డా” అని, తన గిన్నెలోంచి పచ్చిపులుసో, చింతచిగురు పప్పో వేసి పోయేది. ఒకసారి నా తలలో నూనె పెడుతూ నా మొహం ఎత్తి చూసి, “నీకూ నాకూ ఒక్క తీరే బిడ్డా, ఇద్దరి నొసలూ ఖాళీనే” అని నవ్వింది. నా నొసలు మా విశ్వాసం వల్ల ఖాళీ, ఆమెది వేరే లెక్క. అయినా ఆ మాట నాకు ఎందుకో చాలా నచ్చింది. ఇంట్లో మా అమ్మకు కూడా చెప్పాను.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో దొర ఏసీ చెడిపోయింది. బాగు చేయించే లోపల కంప్యూటరు వేడెక్కిపోతుందని సారు దాని ఇనప మూత విప్పించేశారు. ఏసీ బాగయ్యాక కూడా మూత మళ్లీ బిగించలేదు. (విప్పినవాడు కోబాల్ అన్న. బిగించాల్సిన మరలు ఎక్కడ పెట్టాడో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదనుకుంటాను.) కనుక దొర లోపలి పేగులన్నీ బయటికి కనబడుతూ ఉండేవి. రాత్రిపూట దాని మీద ఒక తెల్ల గుడ్డ కప్పేవాళ్లం. మూత లేని కంప్యూటరుకు దుమ్ము శత్రువని కొన్ని నెలలకు సారు తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక అట్ట కూడా తగిలించారు. లోపలికి తేకూడని వాటిలో చెప్పులు, తినుబండారాలు, సుద్దపొడితో పాటు పసుపు, కుంకుమ, అగరొత్తులు కూడా ఉన్నాయి. దసరా దగ్గరపడింది కదా, ముందు జాగ్రత్త అన్నమాట.

దసరా నాడు కింద ఇంట్లో ఆయుధపూజ బాగా జరిగింది. సారు భార్య స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు, చివరికి కత్తిపీటకు కూడా బొట్టు పెట్టింది. పైకి మాత్రం ఎవరూ రాలేదు. అట్ట ఉంది కదా.

పండుగ మర్నాడు ఎవరూ పనిలోకి రారు. కానీ సెలవులు కాగానే పిల్లలకు పరీక్ష ఉంది, వంతు దొరకని ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు, నాకెలాగూ దసరా లేదు కనుక వచ్చి తాళం తీశాను. (వస్తామన్నవాళ్లు మాత్రం ఆ రోజు రానేలేదు.) గుడ్డ ఎత్తి చూస్తే నాకు నవ్వొచ్చింది. దొర లోపల ఆకుపచ్చ పలక మీద వరుసలు వరుసలుగా నల్లటి చిప్పులుంటాయి, జెర్రి కాళ్లలాంటి కాళ్లతో. అవే దాని జ్ఞాపకశక్తి. ఒక్కొక్క చిప్పు నెత్తిన ఇంత గంధం, దాని మీద పసుపు, ఆ పసుపు మీద ఎర్రగా కుంకుమ చుక్క. ఎవరో వేలికొసతో, పక్కకు ఒక్క రవ్వ రాలకుండా, ఎంతో ఓపికగా పెట్టారు. సారే మనసు మార్చుకుని పూజ చేయించారేమో అనుకుని స్విచ్చు వేశాను.

ఫ్యాను తిరిగింది, ఎర్రలైటు వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ లేదు. లోపలినుంచి ఏదో కూత వినబడింది, అంతే. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అదే. ఇంకో రెండుసార్లు వేసి, దొరను బతిమాలి, చిన్న ప్రార్థన కూడా చేసుకుని (కంప్యూటర్ల గురించి ప్రార్థించవచ్చునా అని మా పాస్టరు గారిని అడగలేదు), సారును పిలిచాను.

ఆ కూతలను లెక్కపెడితే జబ్బు తెలుస్తుందని మాకు కోర్సులో చెప్పారు. సారు వచ్చేసరికి కోబాల్ అన్న కూడా వచ్చాడు. ఆయనకు ఆ రోజు సారోళ్లింట్లో భోజనం. దసరా మర్నాడు కింద మటన్ ఉడుకుతూ ఉంది, దాని వాసన అప్పటికే మెట్లెక్కి పైకి వస్తూ ఉంది. ఇద్దరూ చెవులు ఆనించి విన్నారు. “పొడుగ్గ ఒకటి, పొట్టిగ రెండు” అన్నాడు కోబాల్ అన్న. సారుకేమో పొట్టివి మూడు వినబడ్డాయి. మళ్లీ వేస్తే ఈసారి ఏకంగా అయిదారు కూతలొచ్చాయి. తీరా చూస్తే కింద రోడ్డు మీద ఐసుక్రీము బండివాడు రబ్బరు బూర నొక్కుతున్నాడు. వాడు చౌరస్తా మలుపు తిరిగేదాకా ఆగి మళ్లీ విన్నాం. అప్పటికి ఎవరి లెక్క మీద వాళ్లకే నమ్మకం పోయింది. ఏ కూతకు ఏ జబ్బో రాసిన పట్టీ జిరాక్సులో సగం నల్లగా పడింది కనుక లెక్క తేలినా పెద్ద ఉపయోగం లేదు.

అప్పుడు సారు చూపు లోపలి బొట్ల మీద పడింది. ఆయన మొహం మారిపోయింది.

“ఎవలు పెట్టిన్రు ఇవి?”

మేం కాదన్నాం. సారు మెట్ల దగ్గరికి పోయి కిందికి అరిచారు. సారు భార్య తాను పైకి రానే లేదంది. ఆ గొంతుకు అత్త వచ్చింది, ఆమె వెనక, నాలుగు మెట్లు కిందనే ఆగిపోయి, అవ్వ. “అట్ట రాసి పెట్టినంక గూడ వినకపోతే ఎట్ల? లోపల షార్టు అయితే ఇగ అది లేస్తదా?” అని సారు అందరినీ కలిపి కోప్పడుతుంటే, మెట్ల మీదినుంచి అవ్వ అంది, “నేనే పెట్టిన కొడుకా.”

అవ్వే మళ్లీ, సంజాయిషీ ఇస్తున్నట్టు, “పొద్దుగాల ఎవలు లేవకముందు తాళంచెవి తీస్కొని వచ్చిన. ఇంట్ల కత్తిపీటకు సుత పెట్టిన్రు. ఏడాదంత నీకోసం పనిచేసింది గదా, దానికొక్కదానికే లేకపాయె అనిపిచ్చింది” అంది.

అత్త నిట్టూర్చింది. అది మామూలు నిట్టూర్పు కాదు, దాని వెనక మాట ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. “పెట్టనీకె వేరే చెయ్యి దొరకలేదా ఈ ఇంట్ల? తెల్వకనా నీకు? అందుకే అది కన్ను మూసింది.”

ఆ మాట కంటే కష్టమైంది సారు ఊరుకోవడం. ఆయన లెక్కల మనిషి, ఇలాంటివి నమ్మేవారు కాదు. అయినా ఆ క్షణాన ఆయనకు దొర తప్ప ఎవరూ కనబడలేదు. దూది మీద స్పిరిట్ పోసుకుని బొట్లు తుడవడానికి వంగారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. సారును అలా ఆపడం అదే మొదలు, అదే ఆఖరు.

“తుడవకండి సార్.”

“ఎందుకు?”

ఎందుకో నాకూ అప్పటికి పూర్తిగా తెలియదు, మాట్లాడుతుంటే తెలిసింది. బొట్టు పెట్టింది చిప్పు నెత్తిన, అక్కడ ఉన్నది ఒట్టి ప్లాస్టిక్కు. కరెంటు పారేది కింద కాళ్లలోంచి. ఆ కాళ్ల దగ్గర ఒక్క రవ్వ కూడా రాలలేదు. కానీ ఇప్పుడు తుడిచి, ఆ తుడవడంలో కదిలిన చిప్పేదో సర్దుకుని దొర లేచిందనుకోండి, బొట్టు వల్లనే ఆగిందని అత్త అంటుంది. లేవలేదనుకోండి, లోపలికి దిగిపోయిందని అంటుంది. తుడిచామా, ఇక నిజం ఎప్పటికీ బయటపడదు. “ఒక్కసారి ఒక్కటే మార్చాలె సార్, మీరే కదా చెప్పిన్రు” అన్నాను. (సారు చెప్పింది లెక్కల్లో సమీకరణాల గురించి. కానీ గురువులు, అది తామే చెప్పారంటే ఏదైనా ఒప్పుకుంటారు.) ఆయన దూది పక్కన పెట్టారు.

నేను తిరిగి చూసేసరికి మెట్ల మీద అవ్వ లేదు.

కింద తన గదిలో చీరలు మడతపెట్టి సంచిలో పెడుతూ ఉంది. రఘునాథపల్లిలో తమ్ముడి ఇంటికి పోతుందట, మధ్యాహ్నం బస్సుకు. పండుగ పూట ఎందుకవ్వా, రెండ్రోజుల్లో హైదరాబాదు నుంచి ఇంజినీరు వస్తాడు, బాగు చేస్తాడు అన్నాను. అవ్వ నా వైపు చూడకుండా, “నీకు తెల్వదు బిడ్డా” అంది. “నేను ఇప్పుడు పోకపోతే, రేపు పొయ్యి మండకపోయినా నా చెయ్యే అంటరు. నా కొడుకు అనడు. అననీకె రాక లోపల లోపల గుంజుకుంటడు. అది చూసుడు నాతోని కాదు.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది, దాంతో పాటు కోపం కూడా. ఎవరి మీదో తెలియని కోపమెప్పుడూ నాకు పనికొస్తుంది. “బస్సు ఇంకా చాలా సేపటికి గదా. అందాక పైకొచ్చి జర టార్చి పట్టు అవ్వా, లోపల చీకటి” అన్నాను. ఆమె భయంగా నా వైపు చూసింది. “దాని దగ్గరికి నేను రాను.” “నువ్వు రాకుంటే నేను గూడ చెయ్య” అని మంచం మీద కూర్చున్నాను. సంచిలో పెట్టాల్సిన చీర మీదే కూర్చున్నాను కాబట్టి ఆమెకు నన్ను లేపకుండా వీలు లేకపోయింది.

మేమిద్దరం పైకి వచ్చేసరికి కోబాల్ అన్న కరెంటు తీగ మార్చి చూశాడు. తెర తీగ పీకి పెట్టి చూశాడు. ఏమీ మారలేదు. ఇక మిగిలింది జ్ఞాపకశక్తి. మొదటి వరుస చిప్పుల్లో ఒక్కటి చెడినా దొర కళ్లు తెరవదని కోర్సులో విన్నాను, విన్నానంతే, ఎప్పుడూ చేసి చూడలేదు. ఏది చెడిందో చూస్తే తెలియదు, అన్నీ ఒకే పోలిక. అందుకని చివరి వరుసలోంచి ఒక మంచి చిప్పు పీకి, మొదటి వరుసలో ఒక్కొక్కదాని స్థానంలో పెట్టి చూడాలి. ఇది చెప్పబోతుంటే అందరూ అర్థం కాని మొహాలు పెట్టారు. కింద గుమ్మానికి పండుగకు కట్టిన సీరియల్ బల్బుల తోరణం గుర్తొచ్చి, “అందులో ఒక్క బల్బు పోతే తోరణమంతా ఆరిపోతది కదా. మంచి బల్బు ఒకటి పట్టుకుని ఒక్కొక్కచోట పెట్టుకుంట పోతం, ఏడ పెడితే మళ్లీ వెలుగుతదో అదే పోయినట్టు. ఇదీ అంతే” అన్నాను. అత్త కూడా తలూపింది. ప్రతి ఏడూ ఆ తోరణం బాగు చేసేది ఆమే.

చిప్పు పీకే పనిముట్టు మా దగ్గర లేదు. నా జడలోంచి తలపిన్ను తీసి దాంతో లేపాను. జడ ఊడిపోయింది, పిన్ను వంగింది, కానీ చిప్పు కాళ్లు వంగకుండా బయటికి వచ్చింది, నెత్తిన బొట్టుతో సహా. అవ్వ రెండు చేతులతో టార్చి పట్టుకుంది. ఎంత దూరం నిలబడిందంటే వెలుతురు సగం గోడ మీద పడుతూ ఉంది. “జర ముందుకు అవ్వా.” ఒక అడుగు వేసింది. “ఇంకొంచెం.” అత్త పిల్లలు కూర్చునే కుర్చీలో స్థిరపడి గొంతు సవరించుకుంది. నేను వినిపించుకోలేదు. చివరికి అవ్వ నా భుజానికి భుజం తగిలేంత దగ్గరికి వచ్చింది. వెలుతురు ఇప్పుడు చిప్పుల మీద పడింది.

మొదటి చిప్పు తీసి మంచిది పెట్టాను. కోబాల్ అన్న స్విచ్చు వేశాడు. చీకటి తెర, అదే కూత. స్విచ్చు ఆపి, పాత చిప్పును దాని చోట మళ్లీ పెట్టి, రెండోది తీశాను. మళ్లీ అదే. స్విచ్చు పడే ప్రతిసారీ అవ్వ కళ్లు గట్టిగా మూసుకునేది, కూత వినగానే తెరిచేది. మూడో, నాలుగో అయ్యేసరికి సారు కూడా కుర్చీ లాక్కుని దగ్గర కూర్చున్నారు. కోబాల్ అన్న ప్రతిసారీ, “ఇది మాత్రం పక్కా ఇదే” అనేవాడు. ఆయన పక్కా అన్నవన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. అలా ఒక్కొక్కటే అయిపోతూ, చివరికి మొదటి వరుసంతా అయిపోయింది. దొర లేవలేదు.

సారు దూది, స్పిరిట్ సీసా వైపు చూశారు. అవ్వ టార్చి ఆపి బల్ల మీద పెట్టింది. “ఇగ చాలు బిడ్డా. మస్తు కష్టపడ్డవు. నాకు బస్సుకు యాళ్లయితాంది” అంది. అంత మెత్తగా చెప్పకపోయినా బాగుండేది.

నేను అక్కడే కూలబడ్డాను. వేళ్లు నొప్పి, మెడ నొప్పి, మొహం మీద జుట్టు. ఎందుకో మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిది. వరుసకు తొమ్మిదుంటాయని బోర్డు మీద బొమ్మ గీసి, మర్చిపోతే మార్కులు పోతాయని పిల్లలను బెదిరించి చెప్పే బేసిక్ మేడం, ఎనిమిది దగ్గర ఆగిపోయి దొరను చచ్చినట్టు లెక్కగట్టింది. తొమ్మిదోది ఏది? డిస్కు డ్రైవు నుంచి వచ్చే పట్టీలాంటి వెడల్పు తీగ ఒకటి ఆ వరుస కొస మీద వాలి ఉంది. దాన్ని ఎత్తాను. “అవ్వా, ఒక్కసారి టార్చి” అన్నాను. వెలుతురు పడింది. తీగ చాటున, గోడవైపు ముడుచుకుని, తొమ్మిదోది ఉంది. నల్లగా, శుభ్రంగా. దానికి బొట్టు లేదు.

“అయ్యో, అది నాకు కనవడలే” అంది అవ్వ.

నాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. చెడిపోవడానికి నొసలు ఖాళీగా ఉన్న మా జట్టువాడే దొరికాడా అని. అయినా పిన్ను పెట్టి లేపాను. మంచి చిప్పును, దాని బొట్టుతో సహా, ఆ చోట కూర్చోబెట్టాను. కోబాల్ అన్న ఈసారి పక్కా అనడం మర్చిపోయాడు. స్విచ్చు పడింది.

తెర మీద ఆకుపచ్చ అంకెలు పరుగెత్తాయి. దొర తన జ్ఞాపకాలను తాను లెక్కపెట్టుకుంటూ, చివరి వరుసలో ఒకటి తక్కువైందని కొంచెం సణిగి, చల్లగా కళ్లు తెరిచింది. సారు లేచి నిలబడ్డారు. అవ్వ మాత్రం ఇంకా కళ్లు మూసుకునే ఉంది. కూత కోసం ఎదురుచూస్తూ ఉంది పాపం. “తెరువు అవ్వా, లేచింది” అంటే అప్పుడు తెరిచి, తెర వైపు కాదు, కొడుకు మొహం వైపు చూసింది.

నేను ఆ పీకిన చిప్పు పట్టుకుని పెద్ద ఉపన్యాసానికి సిద్ధమయ్యాను. వేడికి చిప్పులు ఎలా చెడతాయి, గాలి తగలని మూలనున్నదే ముందు ఎందుకు పోయి ఉండవచ్చు, పూజకు దీనికి సంబంధం ఎందుకు లేదు, అన్నీ వరుసగా నోటి దాకా వచ్చాయి. కానీ అత్త ముందే అందుకుంది. కుర్చీలోంచి లేచి వచ్చి, చిప్పును అటూ ఇటూ తిప్పి చూసి, “చూసిన్రా? బొట్టు ఉన్నయన్నీ మంచిగనే ఉన్నయి. బొట్టు లేనిదే పోయింది. బొట్టున్నది పెట్టంగనే లేచింది. నేను ముందుగాలనే అనుకున్న” అంది. పొద్దున ఆమె అన్నది ఏమిటో ఆ గదిలో ఉన్న అందరికీ గుర్తుంది, ఆమెకు తప్ప.

అవ్వ టార్చి ఆపింది. ఆ ఇంట్లో అత్త మాటకు ఆమె ఎదురు మాట చెప్పగా నేను అంతకుముందు వినలేదు. అరవలేదు, గొంతు కూడా పెంచలేదు. ఊడిపోయిన నా జుట్టు చెవి వెనక్కి తోస్తూ అంది:

“బొట్టు లేని పిల్లనే గదా వదినె, దాన్ని లేపింది.”

అత్త చేతిలోని చిప్పును బల్ల మీద పెట్టేసింది. నేను నా ఉపన్యాసం మింగేశాను. దాని అవసరం ఇక ఎవరికీ కనబడలేదు. సారు కిందికి పోయారు. కొంచెం సేపటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, తల్లి మొహం చూడకుండా, “అమ్మా, సంచిల చీరలు తీసి బీరువాల పెట్టిన. మడతలు సరిగ్గ రాలే. నువ్వే మళ్ల పెట్టుకోవాలె. నడువు, కూర సల్లారుతాంది” అన్నారు. క్షమాపణ చెప్పడం రాని మగవాళ్లను జీవితంలో చాలామందిని చూశాను కానీ, రాకపోయినా అంత బాగా చెప్పినవాళ్లు తక్కువ. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, “చీరలు మడతవెట్ట వస్తదా నీకు” అంటూ ఆయన వెనకే దిగిపోయింది. ఆ రోజు నా కంచంలో ఎంత కూర వేసిందో చెప్తే మా వాళ్లు ఇది కూడా కల్పితమే అంటారు.

మరుసటేడు దసరాకు నేనింకా అక్కడే ఉన్నాను. సారు పిల్లలందరి ముందు, పక్కింటివాళ్ల ముందు, కుంకుమ గిన్నె తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టారు. “మందిల నేనా?” అంది అవ్వ. “నువ్వే” అన్నారాయన. ఆమె అందరి మొహాలూ ఒకసారి చూసి, గిన్నె వెనక్కి ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. చివరికి వేలు కుంకుమలో అద్ది, దొరకు బొట్టు పెట్టింది. ఆ పూట అవ్వ పెరట్లోకి పోలేదు. వాకిట్లో అందరికీ ఎదురుగా కూర్చుని, వచ్చిన పిల్లలందరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టి దీవించింది.

ఆ తరువాత నేను ఉద్యోగాలు మారాను, ఊళ్లు మారాను, ఎన్నో కంప్యూటర్లు చూశాను. కుర్ర ఇంజినీర్లు ఒకేసారి పది మార్పులు చేసేసి, “బాగైంది మేడం” అని వస్తే, ఏది చెడిందో చెప్పమని అడుగుతాను. వాళ్లకు విసుగు. బాగైపోయాక ఇంకా ఎందుకీ ముసలమ్మకు అనుకుంటారు, కొందరు పైకే అంటారు. వాళ్లకెలా చెప్పడం? యంత్రం లేస్తే సరిపోని రోజులు కూడా ఉంటాయని, ఎవరు కారణం కాదో తేలితే తప్ప ఒక మనిషి ఆ ఇంట్లో ఉండలేని రోజులుంటాయని. చెప్పను. నవ్వి ఊరుకుంటాను. జడ ఊడిపోయి, వంగిన తలపిన్ను పళ్ల మధ్య పట్టుకుని, ఎనిమిదిని తొమ్మిది అనుకున్న ఆ పిల్ల నాకు కనబడుతుంది. ఆ పిల్లకు కంప్యూటర్ల గురించి తెలిసింది చాలా తక్కువ. అవ్వ ఆ బస్సు ఎక్కకూడదని మాత్రం తెలుసు.